తెల్లమచ్చ

రామతీర్థం నుంచి వచ్చాడు సుజన్,
చెప్పులకి రొయ్యలగుంట బురద ఇంకా ఆరలా.
"ఒకటిన్నర బార్ పెట్టన్నా,
పోర్టు రోడ్డు మీద నా ముందు ఇంకెవుడూ ఉండగూడదు."

కంపెనీ ఇచ్చింది సున్నా పాయింట్ ఎనిమిది.
నెల్లూరు ఆటోనగర్, మే నెలాఖరు,
రేకుల కింద స్పానర్ పట్టుకుంటే చెయ్యి కాలే వేళ.
రోహిణికి రోళ్ళు పగుల్తాయంటారే,
పిస్టన్ రోటికంటే గట్టిదా అబయా?
మింగించే గాలే పొయ్యి మీంచి దిగినట్టుంటే
ఇంటర్‌కూలర్ ఏం చేసుద్ది,
విసనకర్రతో కొలిమికి చలవ చేసినట్టు.

వినలా. వయసు అది.
సరే, ప్లగ్గుల పెట్టె తెరిచాను.

వేడి ప్లగ్గు, చల్ల ప్లగ్గు అంటే నవ్వాడు,
నిప్పు పుట్టించేదానికి చలవేందన్నా అని.
పింగాణీ ముక్కు పొడుగుంటే వేడి దాని దగ్గరే కూచుంటది,
పొట్టిదైతే గబుక్కున గోడకి అప్పజెప్పి
చేతులు దులుపుకుంటది.
గాలి పెంచేకొద్దీ పొట్టిముక్కుదే కావాల.
ఒక కంపెనీలో నంబరు పెరిగితే చలవ,
ఇంకో కంపెనీలో నంబరు తగ్గితే చలవ.
ఈ ఒక్క ముక్క తెలీక
కోవూరులో ఒకాయన ఇంజన్ దించుకున్నాడు.

ఇంక సందు.
పాతది ముప్పాతిక మిల్లీమీటరు.
దాన్ని అర మీద వెంట్రుకంతకి దించాను.
ఫీలర్ గేజ్ ఆకు దూరిస్తే
పట్టీపట్టనట్టు పట్టాల,
కొత్త వియ్యంకుడి షేక్‌హ్యాండ్ లాగా.
అంత ఒత్తిడిలో సందు ఎక్కువుంటే
రవ్వ దూకదు,
గాలివానలో అగ్గిపుల్లే.

తెల్లారి నాలుగింటికి ముత్తుకూరు రోడ్డు.
వెనకసీట్లో లాప్‌టాప్ పట్టుకుని జిలానీ.
ఒకటి. ఒకటీ రెండు. ఒకటీ మూడు.
టర్బో ఈల అందుకుంది,
వీపు సీటుకి అతుక్కుంది,
సుజన్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వతా ఉండాడు.
స్టీరింగ్ వాడిది. నేను చెవితో తోల్తున్నా.
ఆ ఈల కింద, ఎక్కడో అడుగున,
డబ్బాలో నాలుగు గోళీలు కదిలినట్టు,
ఒక్క క్షణం.

"ఆపు. కీ తిప్పెయ్. ఉన్నచోటే."

సెగ మొహానికి కొడతా ఉంటే
ప్లగ్గులు వరసగా గుడ్డ మీద పరిచాను.
ఒకటి, రెండు, నాలుగు బిస్కెట్ రంగు.
మూడోది ఎండిన ఎముక.
భూతద్దం పెడితే ముక్కు మీద
ఉప్పురవ్వకన్నా సన్నం చుక్కలు, మెరుస్తా.
పిస్టన్‌దే ఆ అల్యూమినియం.
చెప్పేలోపే అద్దం లాక్కున్నాడు.

రొయ్య తలమీది డొప్ప ఎత్తి
వెలుగుకేసి పట్టి చూసే చెయ్యి గదా అది.
చూశాడు. తిప్పాడు. మళ్ళీ చూశాడు.
నవ్వు, తట్ట దింపినట్టు దిగింది.
"తెల్లమచ్చ" అన్నాడు.

రెండేళ్ళ కింద, లక్ష పిల్ల పట్టే గుంటలో
లక్షా అరవై వేలు వదిలాడంట.
"ఇంకో నాలుగు ఏరియేటర్లు పెట్టి గాలి ఎక్కిస్తే
ఎంత పిల్లైనా బతుకుద్దనుకున్నానన్నా.
నలభై రెండో రోజు పొద్దున
కాకులు ముందొచ్చినాయి, నేను తర్వాత."
అంతే చెప్పాడు.

బొగ్గు లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది, రాల్చుకుంటా.

"ఎంతకి దించితే నీకు నిద్రపడుద్దన్నా?"
"ఒకటి. రోహిణి పోయినాక
ఇంకో చిటికెడు చూద్దాం."
జిలానీ ఒకటి కొట్టాడు.
మూడో ఇంజెక్టర్ విప్పి కడగాల,
దాని గొంతులో ఏదో అడ్డముండాది, నా అనుమానం.
చుక్కల ప్లగ్గు జేబులో వేసుకుపోయాడు.
ఏం చేసుకుంటాడో అడగలా.

పదిరోజులకి ఐసుపెట్టెలో
రెండు కేజీలు పంపాడు, ముప్పై కౌంటు.
మా ఇంటామె పొయ్యి ముట్టించి
ఎసరు మరిగిందాకా నవ్వతానే ఉంది.
ఒక్కోదాన్నీ లైటుకి పట్టి, డొప్ప ఎత్తి,
చూస్తా కూచున్నాను గదా నేను.