తూకంరాళ్లు

తవిటయ్య వచ్చి ముందు ఇంజను చూడలేదు,
మోకాళ్లమీద కూచుని డ్రాబారు కింద జాన పెట్టి కొలిచాడు.
"ఎత్తయిపోనాది. ఇలాగెల్తే బండ కదలదు, మూతి లెగుస్తాది."

డెబ్బైనాలుగు నాటి జీటరు.
మా రాజాం షెడ్డులో కోళ్లు
దాని సీటు మీదే గుడ్లు పెట్టేవి.
నాజిళ్లు కిరసనాయిల్లో నానేశాం,
వెనక టైర్లకి వాల్వు పైకి తిప్పి
రాత్రంతా నీళ్లు పట్టాం.
నాలుగోనాడు దగ్గింది. నల్లటి ఉమ్మి,
తర్వాత సన్నగా నీలం పొగ.

ఇక మూతికి బరువు కావాలి.
ఆరు రాళ్లకి మించొద్దని పందెం కమిటీ మాట.
మూతబడ్డ గోనెమిల్లు ఇనప సామాన్లో దొరికాయి
యాభై కేజీల తూకంరాళ్లు.
ఏటేటా అయ్య గోగునారకి ఎదురు తూగినవే.

తవిటయ్య ఒకటి ఎత్తాడు, దించాడు,
పక్కనున్న సిమెంటు బస్తా ఎత్తాడు,
మళ్లీ రాయి ఎత్తి
బోర్లించాడు.
అడుగున తొర్ర. తొర్ర నిండా సీసం.
"యాభైరెండుంటాది."

అయ్య గట్టుమీద కూచుని వేళ్లు మడిచాడు
ఎన్ని బళ్ల నారో, ఎన్నేళ్లో,
మధ్యలో లెక్క తప్పి నవ్వేశాడు.

ఆరింటినీ గొలుసేసి బిగించాం.
"సీసం తీసీమంటావా?"
స్పానరు తుడుచుకుంటూ అడిగాడు తవిటయ్య.

"ఉండనీ," అన్నాడు అయ్య.
"ఆ పన్నెండు కేజీలూ నావే."