బాకీ చిల్లర

పొద్దున నుంచి సందకాడి దాకా
మందికి టికెట్లు కొట్టే చెయ్యి నాది.
శనివారం మాత్రం
ఇండోర్ స్టేడియం కౌంటరు కంతలో ఆ చెయ్యే పెట్టి
నాకొకటి అడుగుతా.
నూటయాభై.
ఆ పిలగాడు చింపే తీరు చూస్తే నవ్వొస్తాది,
అంచంతా వంకర.

మూడో వరస, కొసాన కుర్చీ.
ఖాకీ చొక్కా మార్చుకునే పొద్దుండదు,
దాని మీదే పచ్చ తువ్వాలు, మా తిరుపతి జట్టు రంగు.
పక్కన పంచర్ల అంగడి చెంగల్రాయుడన్న.
ఏడాదిగా వస్తా ఉన్నా
ఎప్పుడు రెండు పాయింట్లో ఎప్పుడు మూడో
ఇంకా తేల్చుకోలేదు.
బంతి వలలో పడితే చాలు, ఎవురేసినా సరే,
నా భుజం మీద ఒకటి చరుస్తాడు.

మనోళ్ళు బంతి లాక్కుని పరుగెత్తితే
నా నోట్లోంచి ఒకటే వస్తాది,
పద్నాలుగేండ్ల అలవాటు:
"రైట్ రైట్!"
మొదట్లో నవ్వినారు.
ఇప్పుడు ఆ పక్క మెట్లన్నీ,
కాలేజీ పిలకాయలు, పూలంగడి ఆడోళ్ళు,
నాన్న మెడ మీద కూర్చున్న చంటోళ్ళు,
"రైట్ రైట్!"
గెలిచేది తక్కువే. తొమ్మిదాటల్లో రెండు.

ఆ శనివారం ఒక్క పాయింటు వెనక,
గడియారంలో నాలుగు సెకండ్లు.
పదిహేడో నంబరు జ్ఞానశేఖర్
గీత కాడ నిలబడినాడు.
మూడుసార్లు బంతిని నేలకేసినాడు.
పైన ఫ్యాన్లు తిరిగే చప్పుడు వినపడింది.
మొదటిది రింగు అంచున కూర్చుని
ఆలోచించి, బయటికే దిగింది.
రెండోది రింగునే తాకలే.

అప్పుడు లేచినా నేను.
"దిగిపోరా! నీకీ ఊర్లో స్టాపు లేదు!"
హాలంతా పగలబడింది.
వాడు తలెత్తినాడో లేదో చూడలే.
అన్న మాత్రం
ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం, పదకొండున్నర పాకాల పల్లెవెలుగు.
తల వంచి, ఇంకా వంచి,
కడ్డీ కింద మెడ దూర్చి ఎక్కినాడు.
సీట్లో మోకాళ్ళు పట్టలేదు.
పక్కనామె అడక్కుండానే
బెల్లం బుట్ట వాని ఒళ్ళో పెట్టింది.
"పాకాల ఒకటి."
ఐదొందల నోటు.
పొద్దున్నించి ఆడోళ్ళకు సున్నా టికెట్లే కొడతా ఉంటే
సంచిలో చిల్లర యాడిది?
టికెట్టు వెనక రాసిచ్చినా: 440.
"దిగేటప్పుడు గుర్తు చెయ్యి."
గొంతు పోల్చుకుంటాడేమోనని
ఇంకెవరిదో గొంతు పెట్టి చెప్పినా.

చంద్రగిరి దాటినాక చూస్తే
కిటికీకి తల ఆనించి, బెల్లం బుట్ట మీదుగా
కుడి మణికట్టును
వంచుతా ఉండాడు, వదులుతా ఉండాడు.

పాకాలలో మంది తోసుకున్నారు.
బుట్ట ఆమెకందించి
చిల్లర అడక్కుండా పోయినాడు.
పిలవాల.
సంత రోజు కూడా బస్సు కొస దాకా వినపడే గొంతు,
దానికేమయిందో ఆ పొద్దు.

డిపోలో లెక్క కడితే ఎక్కువ తేలింది.
"ఎవురిదమ్మా ఇది?" అన్నాడు క్యాషియరు కోదండం.
"ఒకాయనకియ్యాల."

మళ్ళా శనివారం.
నాలుగు నూర్లు, రెండు ఇరవైలు
మడిచి జోబీలో పెట్టుకున్నా.
చానాసేపు బెంచీ మీదే కూర్చోబెట్టినారు వాన్ని.
ఆఖర్న దించినారు.
మళ్ళా అదే గీత.
ఒకటి. రెండు. మూడు, నేలకు.
అన్న నా తట్టు తిరిగినాడు,
ఇప్పుడేమంటావు అన్నట్టు.

నాకు వచ్చిన మాటలు రెండు,
హోల్డాన్, రైట్.
రెండూ మింగేసి
జోబీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడినా,
కాలు నొప్పున్న ముసలాయన మెట్టెక్కే దాకా
బెల్లు కొట్టకుండా నిలబడతామే,
అట్ల.