జాడీ మూతల మీద హద్దులు

అప్పుడు నేను వకీలు దగ్గర గుమాస్తాని.
యాభై ఎనిమిది అక్టోబరు.
పడీ పడనట్టు పడే సోమర్సెట్ వానలో
వితీకోట్ అనే ఊరికి సైకిలు తొక్కాను
యాండిల్ వారి దస్తావేజులు తెమ్మంటే.

అరవై ఏడెకరాలు, ఒక ఇల్లు, ఒక బావి.
కొనబోయేవాడు
హద్దులు కాగితం మీద చూపమన్నాడు.

థర్జా యాండిల్ తలుపు తీసింది.
డెబ్బై నాలుగేళ్లు. మగవాళ్ల బూట్లు.
మోచేతి దాకా కోడి ఈకలు.
"దస్తావేజులా? రా. కాళ్లు తుడుచుకో."

వంటింటి వెనక చలిగదిలో
రాతిపలకల మీద జామ్ జాడీలు.
ఒక్కో మూతికీ ఒక్కో తోలుకాగితం ముక్క,
గుండ్రంగా కోసి, దారంతో బిగించి.
గొర్రెతోలు మీద తుప్పురంగు సిరా,
సగంలో తెగిన సంతకాలు.

"యుద్ధంలో మూతలు దొరకలేదు," అంది.
"మా నాన్న పెట్టెలో ఇవి ఊరికే పడున్నాయి."

నా గుండె జారి బూట్లలో పడింది.
ఆమె ముక్కాలిపీట ముందుకు తోసింది.
"చదువుకో. తొందరేముంది."

ప్లమ్ జాడీ మీద హోసియా యాండిల్ చచ్చిపోయాడు.
పోయిన మూడోనాడు జమీందారు మనుషులొచ్చి
కొట్టంలో మంచి పశువును ఎంచి తోలుకుపోయారు.
అది ఆనవాయితీ. కౌలుదారు పోతే ఆవూ పోవాలి.
లాటిన్ మధ్యలో ఆవు పేరొక్కటే ఇంగ్లీషు: చెర్రీ.
పెళ్లాం పేరు రాయలేదు.

ఆమె గూస్‌బెర్రీ మీద ఉంది, పేరు లేకుండానే.
"నా భార్య బతికినన్నాళ్లు
వంటింటి పైగదిలో ఉండగలదు.
పొయ్యి దగ్గరికి వచ్చిపోయే హక్కూ,
బావి నీళ్లూ,
పడమటి బేరిచెట్టు కాయల్లో సగమూ
ఆమెకు కలవు. కొడుకు అడ్డు చెప్పరాదు."
చలికాలం నిప్పు దగ్గర కూర్చోడానికి
సాక్షి సంతకాలు కావలసొచ్చిన ఇల్లు.
ఆ పొయ్యి మీదే ఇప్పుడు కెటిల్ కూస్తోంది.

బ్లాక్‌బెర్రీ జాడీలు మూడు, కలిపి చదవాలి.
ఊరుమ్మడి బీడుకి కంచె వేసిన సంవత్సరం.
జేబెజ్ యాండిల్‌కి పదకొండెకరాలు,
పుత్రపౌత్ర పారంపర్యంగా.
ఆ బీట్లో బాతులు మేపుకునే స్టకీ వాళ్లకి
కాగితం లేదు గనక ఏమీ లేదు.
వాళ్లు బ్రిస్టల్ పోయారనీ
ఒక కొడుకు రాత్రి పూట కంచె కోసి జైలుకెళ్లాడనీ
మూత మీద లేదు, ఆమె చెప్పింది.

"ఆ జామ్ మేం తినం.
స్టకీ మనవరాలు ఊళ్లోనే ఉంది, పోస్టాఫీసులో.
ఏటా క్రిస్మస్‌కి మూడు జాడీలూ ఆమెకే ఇస్తాను."
కొంచెం ఆగి,
"మూతలు మాత్రం తిరిగి తెచ్చివ్వమంటాను."

నవ్వబోయి ఆపుకున్నాను.
ఆమె నవ్వడం లేదు.

చీకటి పడేదాకా వెతికాను.
ఆకలి ఎకరానికి ఉత్తరపు గట్టు రూబార్బ్ మీద దొరికింది.
దక్షిణం, పోయినేడు తిరునాళ్లలో
ఎవరికో అమ్ముడుపోయింది.
పడమర బేరిచెట్టు, అది పడి నలభై ఏళ్లు.
తూర్పును ఎలుకలు తిన్నాయి.
థర్జా గుమ్మంలో నిలబడి వేలు చూపింది:
"అదిగో ఆ ముళ్లపొద, అక్కడిదాకా.
మా నాన్న రోజూ అక్కడే ఉచ్చ పోసేవాడు."
రాసుకున్నాను. ఎలా రాయాలో తెలీక
"పూర్వం నుంచీ అనుభవంలో ఉన్నట్టుగా" అని రాశాను.

విప్పి ఇమ్మంటే విప్పనివ్వలేదు, బూజు పడుతుందట.
ఆరు జాడీలు గడ్డిలో చుట్టి
సైకిలు బుట్టలో పెట్టింది.
గుంటలొచ్చినచోట దిగి నడిచాను,
నాలుగువందల ఏళ్లు గలగలమంటుంటే.

మా వకీలు వాటిని చాలాసేపు చూసి
మాట్లాడకుండా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.
బేరం కుదరలేదు. ఆ చలికాలమే ఆమె పోయింది.
ఆస్తికి నలుగురు వారసులు లేచారు,
ముగ్గురు ఆ ఊరు చూడనివాళ్లు.

జూన్‌లో నన్నే పెట్టె తెరవమన్నారు.
తీపి వాసన ముందొచ్చింది.
రూబార్బ్ మూత మీద చీమలు,
ఉత్తరపు గట్టు వెంట, సిరాగీత తప్పకుండా
ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి.