మిగిలిన రూపాయి

ఆదివారం పొద్దున, అనంతపురం పాతూర్లో
మా నలుగురి ముందర నాలుగు ప్లేట్ల ఉగ్గాని,
మధ్యలో బజ్జీలు.
బజ్జీల పక్కనే, నూనె వేళ్లు తగలకుండా
నా ఫోను.
దాంట్లో ఎనిమిది నెలలు కూర్చుని నేను చేసిన ఆప్.
ఎవరు పెట్టినారు, ఎవరు తిన్నారు,
ఎవరికి ఎంత ఇయ్యాల, అన్నీ చెప్తాది.
"చూడండప్పా" అన్నా.

ఆ మాటలోనే మొదటి తప్పు ఉండాదని
అప్పుడు తెలీలేదు.

పెన్నోబిలేసు చూడడు. పుట్టినప్పటినుంచీ అంతే.
నోటు అంచు మీద బొటనవేలు జరిపి
వందా, రెండొందలా చెప్పేస్తాడు.
వాడు చెవికి ఆనించుకుంటే నా ఆప్
"బటన్... బటన్... బటన్... బొమ్మ" అనింది.
"ఏమప్పా, చొక్కాకి ఇన్ని గుండీలు కుట్టి
ఒక్కదానికీ పేరు పెట్టలేదే!"

నబీరసూల్ చూస్తాడు గానీ
ఇచ్చేది ఎరుపు, వచ్చేది పచ్చ అని
నేను పూసిన రంగులు
వాని కంటికి ఒకటే మట్టి.
రైలుబండి ఉద్యోగం చేతిదాకా వచ్చి
చుక్కల పుస్తకం ముందర జారిపోయింది వానికి.
"మీరంతా నాకే బాకీ ఉన్నట్టుందే" అని నవ్వి
ఇంకో బజ్జీ తుంచినాడు.

శివలీల చూపుడువేలు పెట్టింది.
హిందూపురంలో పదకొండేండ్లు
మసిలే నీళ్లలో పట్టుగూళ్ల కొసలు వెతికిన వేలు.
గీతలు అరిగిపోయిన వేలు.
చౌకదుకాణం మిషను దాన్ని
నువ్వు నువ్వు కాదు పొమ్మనింది.
నా అద్దమైతే అసలు ఎవరూ లేరనుకునింది.
ఆమె కొంగుతో తుడుచుకొని మళ్లీ నొక్కింది,
మళ్లీ తుడుచుకునింది,
తప్పు తన చేతిదే అన్నట్టు.

రాంనగర్ గేటు దగ్గర నా రూములో
రైలు పోయినప్పుడల్లా టీ గ్లాసు గలగలమంటాంటే
గుండీలకు పేర్లు పెట్టినా.
రంగు పక్కన మాట, మాట పక్కన బాణం.
వేలు పలకకుంటే కణుపుతో తట్టినా
తెరుచుకునేంత పెద్ద గడి.

మూడు వారాలకు మళ్లా అదే బల్ల.
నిండు హోటల్లో ఫోను నోరు తెరిచింది:
"పెన్నోబిలేసు బాకీ, రెండు వేల నూట నలభై."
పెనం మీద నూనె చప్పుడు తప్ప
అన్నీ ఆగినాయి.
పసిబిడ్డ నోరు మూసినట్టు
వాడు అరచేత్తో ఫోను మూసినాడు.
"మీ బాకీ మీ కంట్లోనే ఉంటాది.
నాది ఊరంతా వినాల్నా?"

ఆ రాత్రి బాకీ అనే మాట చెరిపేసినా.
చెల్లించవలసిన మొత్తం అని రాస్తే
కరెంటాఫీసు గొంతు వచ్చింది. అదీ చెరిపేసినా.
మా చిన్నమ్మోళ్ల ఊర్లో నాలుగు చేన్లకు ఒకటే బోరు.
మోటరు ఆడిన మూడు గంటల్లో
"ఇప్పుడెవరి వంతు?" అని గట్టుమీంచి కేకేసేది ఆమె.
ఈ పొద్దు నీకు పారితే రేపు నాకు.
ఎవరూ ఎవరికీ బాకీ పడలేదు.
వంతు అని రాసినా.

చెవిలో వైరు లేకుంటే ఇప్పుడది అంకె చెప్పదు,
వణుకుతాది, అరచేతిలో మాత్రమే:
వందకొక గురువు, పదికొక లఘువు.
బళ్లో ఛందస్సు పాఠానికి ఎగ్గొట్టినోణ్ణి,
ఇన్నేండ్లకు గణాలు కట్టినా.

ఈ ఆదివారం బిల్లు రెండొందల ఇరవై ఒకటి.
నాలుగు యాభై ఐదులు పోతే
రూపాయి మిగిలింది.
దాన్ని ఎవరి నెత్తిన వేయాలో తెలీక
ఆప్ గిరగిర తిరుగుతా ఉండాది.
నబీరసూల్ జేబులో చెయ్యి పెట్టినాడు.
శివలీల కొంగుముడి విప్పింది.
పెన్నోబిలేసు నాణెం అంచు తడిమి
రెండు కాదని తేల్చుకొని వేసినాడు.
ఒకటి కావాల్సిన చోట మూడు పడినాయి.
ఇట్లాంటిదానికి గడి ఎట్లా గీయాల్నో
నేను ఫోను మీదికి వంగి ఆలోచిస్తాంటే

"మూడే మోగినాయే" అన్నాడు పెన్నోబిలేసు,
"నీదేదిరా?"