పద్నాలుగో ఊరు

విచారణ అంటారు దీన్ని.
ఎవరు ఎవర్ని విచారిస్తారో తెలీదు.
పద్నాలుగు ఊళ్ళు, ఒక మోటారు సైకిలు,
సీతంపేట పెట్రోలు బంకులో నా పేరున అరువు ఖాతా.

కొందరికి ఆదివారం మంగళవారం వస్తుంది.
జొన్నమానుగూడ వాళ్ళకి బేస్తవారం, అదీ రాత్రి,
కొండచీపురు కట్టలు దించి వచ్చాక.

మొన్న కానుక పళ్ళెంలో
పన్నెండు రూపాయలు, సోలెడు చోళ్ళు, ఒక అనాసపండు.
మేత్రాసనం పంపిన లెక్కల పుస్తకంలో
అనాసపండుకి గడి లేదు.
తిన్నాను. రాయలేదు.

అప్పాలు నలభై, జనం అరవై ముగ్గురు.
విరిచాను. విరిచినదాన్ని మళ్ళీ విరిచాను.
ఆఖరి కుర్రాడి నాలుక మీద పెట్టింది
నా కంటికే ఆనలేదు.
వాడు మాత్రం చాలాసేపు నోరు విప్పలేదు.

మలుపు దాటాక ఫోనుకి ప్రాణమొచ్చింది,
మూడు రోజుల కబురు ఒక్కసారే మోగింది:
సొంబారి ముసలమ్మకి ఎక్కువగా ఉంది, రండి.
గెడ్డ పొంగి ఉంది. బండి ఇవతలే వదిలి
మొలలోతు నీళ్ళలో దిగాను,
అవస్థ తైలం సీసా చొక్కా జేబులో.

చేరేసరికి ఉపదేశి ఇన్నాసి
గునపం కడుగుతున్నాడు.
"నిన్ననే మట్టి ఇచ్చీసినాం ఫాదరూ.
జపం నానే సెప్పీసినాను.
నడాన ఒక ముక్క మర్సిపోతే
ముసిలిదాని మనవరాలు అందించినాది."

ఏమనాలో తోచక జేబు తడిమాను.
మూత ఎక్కడో ఊడిపోయింది.
తైలమంతా నా గుండెల మీదే ఇంకింది.

ఇన్నాసి చూశాడు.
చూడనట్టే లోపలికెళ్ళి
డొప్పలో అంబలి తెచ్చాడు.