ఏది నమ్మాల

పసిపిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నట్టు
మోటారుసైకిలు మీద పోలినాయుడు
తన రక్తపరీక్షల ల్యాబు కంప్యూటరు పెట్టుకొచ్చేడు.
"రిపోర్టు ప్రింటవుతుండగానే టక్కున ఆగిపోతంది దమయంతీ.
కాయితం మీద పేరుంటాది, అంకె ఉండదు."

కాశీబుగ్గ మూడురోడ్ల దగ్గర నా షాపు.
మే నెల, మధ్యాహ్నం పన్నెండు,
పైన రేకులు టిక్కుటిక్కుమని సాగుతున్నాయి.
మూత విప్పేను.
జీడిపిక్కల బట్టీల మసి
ఫ్యాను రెక్కలకి దిష్టిబొమ్మ జుట్టులా వేలాడుతోంది.
తుడవబోయి ఆగేను. ముందు వేడెంతో చూద్దామని.

మొదటి ప్రోగ్రాము నలభై ఎనిమిదంది.
పచ్చరంగులో, పెళ్ళిళ్ళ పేరయ్య మాటంత చల్లగా.
రెండోది డెబ్బై తొమ్మిది.
మూడోది ఎర్రగా నూట ఇరవై ఏడు.
ఆపి మళ్ళీ పెట్టినా నూట ఇరవై ఏడే.

పోలినాయుడు నా భుజం మీంచి వొంగి చూసి
"నూట ఇరవై ఏడే! నీళ్ళు మరిగిపోవా?
ఏది నిజిం దీన్లో? ఏది నమ్మాల?"

తెలిసింది చెప్పేను.
నలభై ఎనిమిది బోర్డు మీద ఎడంగా ఉన్న సెన్సారుది,
వీధరుగు మీద కూచుని వంటింటి సెగ చెప్పే మనిషి లాంటిది.
డెబ్బై తొమ్మిది లోపలిదే గానీ
అది డిగ్రీలు చెప్పదు, హద్దుకి ఇంకెంత దూరముందో చెప్తుంది.
ఆ హద్దెంతో ప్రోగ్రాము ఊహించుకుని, అందులోంచి తీసేస్తుంది.
ఊహ తప్పితే పది డిగ్రీలు అటూ ఇటూ.
నూట ఇరవై ఏడంటావా,
అక్కడ సెన్సారే లేదు.
ఎవరూ లేని ఇంట్లో టీవీ మోగుతున్నట్టు.

"అయితే మధ్యది రాసుకోనా?"
"అంకె రాసుకోకు నాయుడుబావా. ఒక్క ప్రోగ్రామే పట్టుకో.
రోజూ అదే వేళకి చూడు.
పెరుగుతోందా, నిలబడిందా, అదీ లెక్క."

ఇంత తెలివిగా మాట్లాడేక
సొరుగు లాగేను.
స్క్రూల డబ్బా కింద రెండు చీటీలు.
బమ్మిడి ఢిల్లేశ్వరరావు, నలభై ఒకటి, మగ.
ఒకే మనిషి, ఒకే వారం.
పోలినాయుడి ల్యాబులో క్రియాటినిన్ రెండు పాయింటు ఒకటి.
శ్రీకాకుళంలో మూడు పాయింటు నాలుగు.

"మరి దీన్లో ఏది నమ్మాల?"

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేడు.
బరంపురం బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.
మళ్ళీ తుడిచేడు.
"మిషన్లు వేరమ్మా. పోసే మందులు వేరు.
కొబ్బరితోటలో ఆ రోజెంత చెమటోడ్చేడో,
నీళ్ళు తాగేడో లేదో..."
ఆగేడు.
"ఒకే ల్యాబులో చూపించు. పెరుగుతోందా..."
మిగతాది నేనన్న మాటే గనక
ఇద్దరం పూర్తి చెయ్యలేదు.

బ్రష్షుతో మసి దులిపేను.
సుద్దలా ఎండిపోయిన పాత పేస్టు గీకి
బియ్యపుగింజంత కొత్తది పెట్టి
స్క్రూలు ఎదురెదురు మూలలకి బిగించేను.
ముప్పై ఆరు. యాభై ఐదు.
నూట ఇరవై ఏడు మాత్రం నూట ఇరవై ఏడే.
పోలినాయుడు దాన్ని చూసి నవ్వేడు, నేనూ నవ్వేను.
హీట్‌సింకు మీద వేలు ఆనించేను.
ఓర్చుకోగలిగిన వేడి.
ఐదొందలిస్తే రెండొందలు వెనక్కిచ్చేను,
వచ్చే నెల టెస్టుకి ఉంచమని.

రాత్రి ఢిల్లేసు మంచం మీద కాళ్ళు చాపుకుని
ఫోనులో క్రికెట్టు చూస్తున్నాడు.
దుప్పటి సర్దుతున్నట్టు కూచుని
చీలమండ పైన బొటనవేలు పెట్టి నొక్కేను.
"ఏటది?"
"ఏటీ లేదు. దోమ."

వేలు తీసేక ఆ గుంట నిండడానికి
నిన్న నాలుగు లెక్కపెట్టేను.
ఇవాళ ఐదు.
లేదంటే ఇవాళ
నేనే తొందరగా లెక్కపెట్టేనేమో.