మట్టయ్య చెవి

సూపర్‌వైజర్ అయిన దినం
సేటు నాకు రెండిచ్చిండు:
ఒక తాళాల గుత్తి, ఒక మాట.
"మెత్తగుంటే నెత్తినెక్కుతరు."
తాళాలు నడుముకు కట్టుకున్న.
మాటను నోట్లె పెట్టుకున్న.

మిర్యాలగూడల మా మిల్లు
హాలియా రోడ్డు ఎక్కంగనె వాసనొస్తది,
నానిన వడ్ల వాసన, ముక్కు మూసుకునేటిది.
మూడు దినాలకు అలవాటైతది.
అరుసుడు గూడ అట్లనే,
మూడు దినాలకే అలవాటైంది నాకు.

యాసంగి వడ్లు దిగే కాలం.
గేటు బయట ఏడు లారీలు.
నడిజాముకు ముందు మట్టయ్య వచ్చి
"సార్, ఎలివేటర్ బేరింగు మూలుగుతున్నది,
జర ఆపి చూద్దాం" అన్నడు.
నేను ఫోన్ల టైం చూసిన, ఆయన మొకం చూడలె.
"నువ్వేమన్న డాక్టర్‌వా
మూలుగులు వినెతందుకు?"
రాంబిలాస్ నవ్విండు. ఇంకిద్దరు నవ్విన్రు.
వాళ్లు నవ్వితే నేను పెద్దోణ్నైన అనుకున్న.

రెండు గంటలకు బెల్టు తెగింది.
డబ్బాలన్ని గుంతల కూలినయి
బాయిల బొక్కెన తెగినట్టు.
ట్యాంకులల్ల వడ్లు పొద్దుగూకెదాక నాని
ఎర్రబారి, పులిసి,
మా వాసనకు మేమే ముక్కు మూసుకున్నం.

సేటొచ్చిండు. "ఎవడు?" అన్నడు.
నా నోరు నాకంటె ముందురికింది:
"మట్టయ్య గ్రీజు పెట్టలె."

మూడు దినాల కూలి కోత.
మట్టయ్య ఏమనలె.
గోనెసంచి ముక్కకు చేతులు తుడుసుకున్నడు,
ఒక్కొక్క వేలు, గోటి సందులు సుత.
పోయి ఊక తోడుడు మొదలుపెట్టిండు.

మాపటికి డబ్బా మూత తీసిన.
గ్రీజుల నాలుగు వేళ్ల గుర్తులు,
అంచులింకా కుంగని గుర్తులు.
మూత పెట్టిన.
రాత్రి మళ్ల తీసి చూసిన,
ఏమన్న చెరిగిపోయినయేమో అని.

నాలుగు దినాలు పట్టింది నాకు
ఆఫీసు మూడు మెట్లు ఎక్కెతందుకు.
"తప్పు నాది సేటూ."
"ఖాతాల రాసినంక కొట్టేస్తరా?" అని నవ్వి
నాది కోసిండు, ఆయనది తిరిగియ్యలె.

చాయ్ యాళ్లకు ఊక కుప్ప కాడ
అందరి ముంగట చెప్పిన, నా జేబుల పైసలు ఇచ్చిన.
నూకలు ఊడ్సే ఈదమ్మ చీపురు ఆపింది.
మట్టయ్య తడి వేలుతోని లెక్కపెట్టి
"ఇరవై తక్కువున్నయి" అన్నడు.
అవి గూడ ఇచ్చిన.
అంతే. మాఫ్ అన్న మాట ఆయన అనలె, నేనడగలె.

అటెన్క మొదలైంది అసలు శిక్ష.
నెలల తరబడి
నాకు ఎవ్వలు ఏ చప్పుడు చెప్పలె.
"అంత మంచిగనే ఉంది సార్."
పైపు కారిన్నాడు మంచిగనే,
డ్రయర్ పంకా విరిగిన్నాడు మంచిగనే.
నేనే చెవి పెట్టి తిరిగిన మిషిన్ల నడుమ.
నాకు అన్ని ఒక్క తీరుగనే వినపడ్డయి.

ఎందుకు మాట్లాడరని ఈదమ్మను అడిగిన.
"నీ తాళాలు గలగలమంటె
ఆడికాడ మాటలు ఆగుతయి గద కొడుకా."
గోడకు మేకు కొట్టి గుత్తి తగిలేసిన.
పొద్దుగాల డ్యూటీ ఎక్కంగనె
ఒక్కొక్కరి కాడ నిలబడి
"ఏం వినబడుతుంది?" అనుడు మొదలుపెట్టిన.
రాంబిలాస్ నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసిండు.

వానకాలం వడ్లొచ్చినయి. తొమ్మిది లారీలు.
మట్టయ్య వచ్చి, నా దిక్కు కాదు,
మోటరు దిక్కు చూసుకుంట
"నాలుగోది జర తేడగుంది" అన్నడు.

మెయిన్ ఆపిన.
మిల్లు ఊపిరి బిగబట్టింది.
లారీ డ్రైవర్ల తిట్లు గోడ దుంకి వచ్చినయి.
గంటన్నర విప్పినం.
బేరింగు కొత్త రూపాయి బిళ్ల లెక్క మెరుస్తున్నది.
ఏ తేడ లేదు.

మట్టయ్య తల వంచుకున్నడు.
సేటు ఫోన్ మీద ఫోన్.
అందరు నా నోటి దిక్కే చూస్తున్నరు,
ఆ పాత మాట ఇంక అండ్లనే ఉన్నట్టు.

నట్లు బిగించుకుంట అన్న:
"రేపు గూడ చెప్పు."